చెప్పేవాడికి వినేవాడు లోకువ: దంతెవాడ రెండో రాయి చెప్పే పాఠం



ఈసారి వ్యాసం ఒక పాత తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంప్ కోసం భద్రాచలం అవతల ఒక గుత్తికోయ గూడేనికి వెళ్లాం. మలేరియా గురించి, దోమతెరల గురించి అవగాహన కల్పించాలి. మేమే రాసి, మేమే డిజైన్ చేసి, రంగుల్లో అచ్చు వేయించిన తెలుగు కరపత్రాలు రెండు వందలు పట్టుకెళ్లాం. ఒక పెద్దాయన చేతిలో కరపత్రం పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, నాలుగు మడతలు పెట్టి, నడుముకు జాగ్రత్తగా చెక్కుకున్నాడు. నేను సంబరపడ్డాను. కాసేపటికి తెలుగు వచ్చిన ఒక కుర్రాడిని వెంటబెట్టుకొచ్చి ఒక ప్రశ్న అడిగించాడు: "ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి?"

ఆ గూడేనికి అంతకుముందు వచ్చిన అచ్చు కాగితాలన్నీ ఖాళీ చేయమని చెప్పడానికే వచ్చాయట. మా కాగితం మీద దోమ బొమ్మ ఉంది, మందుల పేర్లు ఉన్నాయి, కళ్లు చెదిరే రంగులున్నాయి. ఆయనకు మాత్రం అది మరో కాగితం. అంతే.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజు నాకు ఆ సామెత అర్థం సగమే తెలిసింది. మిగతా సగం సివిల్స్ ప్రిపరేషన్‌లో పడి, ఆ గూడెం వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో ఆ బస్తర్ చరిత్ర చదివాక తెలిసింది. జీఎస్-4 సిలబస్‌లో "వైఖరి" అనే అంశం కింద సామాజిక ప్రభావం, ఒప్పించడం అని రెండు మాటలున్నాయి కదా. కోచింగ్ నోట్సులో వాటికి సబ్బుల ప్రకటనలు, స్వచ్ఛ భారత్ ఉదాహరణలు ఇస్తారు. ఈ వ్యాసంలో దంతెవాడ ఉదాహరణలు ఇస్తాను. ఇవి జీఎస్-1 చరిత్రకూ పనికొస్తాయి, జీఎస్-4కూ పనికొస్తాయి.

మార్కెటింగ్ వాళ్లు దీన్ని "ఆడియన్స్ సైకాలజీ" అంటారు. ఎవరికి చెబుతున్నామో వాళ్ల భయం, ఆశ, నమ్మకం, అలవాటు తెలుసుకుని దానికి తగ్గట్టు మాట తయారు చేయడం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో కార్ల్ హోవ్లాండ్ బృందం దీన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టింది: ఎవరు చెబుతున్నారు, ఏం చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు. ఈ మూడో ప్రశ్నను దంతెవాడ మూడు వందల ఏళ్ల క్రితమే రాతి మీద చెక్కుకుంది.

1. రెండు రాళ్లు

దంతెవాడ శంఖినీ, డంకినీ నదులు కలిసే చోట ఉంది. అక్కడి దంతేశ్వరి గుడి బస్తర్ రాజుల కులదేవత గుడి. ఆ రాజులు మనకు కొత్తవాళ్లు కాదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతిలో పడిపోయాక, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని ఆ వంశ సంప్రదాయం చెబుతుంది. కాకతీయుల కథ ఓరుగల్లు కోట తోరణాల దగ్గర ముగిసిందనుకుంటాం. దాని రెండో అధ్యాయం దంతెవాడలో ఉంది.

ఆ వంశంలోని దిక్పాలదేవుడు దంతెవాడలో ఒక శాసనం వేయించాడు. విక్రమ సంవత్సరం 1760, అంటే సుమారు 1703. రాజగురువు, మైథిల బ్రాహ్మణుడు భగవాన్ మిశ్రా దాన్ని రచించాడు. అందులో రాజు గారి వంశావళి, ఓరుగల్లు నుంచి అన్నమరాజు రాక, నవరంగపురం కోట గెలుపు, కుటుంబ సమేతంగా దంతేశ్వరి దర్శనానికి చేసిన యాత్ర, ఆ యాత్రలో ఇచ్చిన వేలాది జంతుబలులు ఉన్నాయి.

ఇంతవరకు అన్ని రాజశాసనాల్లాంటిదే. విశేషం ఏమిటంటే, ఒకే విషయాన్ని రెండు రాళ్ల మీద చెక్కించారు. మొదటి రాయి సంస్కృతంలో ఉంది. రెండోది జనం మాట్లాడే భాషలో ఉంది. రెండో రాయి ఎందుకో కారణం కూడా ఆ రాతి మీదే రాశారు. కలియుగంలో సంస్కృతం చదవగలిగేవాళ్లు కొద్దిమందే ఉంటారు కాబట్టి మరో రాతి మీద భాషలో రాయించాం అని దాని సారాంశం.

ఈ మాట మీద ఒక్క నిమిషం ఆగండి. శాసనాల్లో ప్రాంతీయ భాష వాడటం అప్పటికి కొత్త కాదు. మన రేనాటి చోళులు 575 ప్రాంతంలోనే కలమళ్లలో తెలుగు శాసనం వేశారు. ఇక్కడ కొత్తగా కనిపించేది ఆ కారణం రాయడం. రాజగురువు తన పాండిత్యం చూపించుకున్నాక, "దీన్ని ఎవరు చదువుతారు?" అని తనను తాను అడిగాడు. చదివేవాళ్లు తక్కువని ఒప్పుకున్నాడు. ఇంకో రాయి చెక్కించాడు. ఆ రెండో రాతి భాషను ఛత్తీస్‌గఢీకి తొలి లిఖిత ఆధారంగా చాలామంది చూస్తారు. మైథిలీ ఛాయలున్న హిందీ అనేవాళ్లూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ పీఎస్సీ రాసేవాళ్లకు ఇది బాగా తెలిసిన బిట్టే.

ఆన్సర్ రైటింగ్ చేసేవాళ్లందరం మొదటి రాయి దగ్గరే ఆగిపోతాం. మనకు తెలిసిందంతా రాసేస్తాం. దిద్దేవారు ఎవరు, వాళ్లకు ఎంత సమయం ఉంటుంది, వాళ్లు ఏం వెతుకుతారు అని ఆలోచించం. రెండో రాయి చెక్కే ఓపిక ఉన్నవాడికే మార్కులు పడతాయి.

2. రెండో రాయి కూడా చేరని చోటు

కానీ ఈ కథను ఇక్కడే ఆపేస్తే అన్యాయం. ఆ రెండో రాయి ఎవరికి చేరింది?

దంతెవాడ చుట్టూ అప్పుడూ ఇప్పుడూ ఎక్కువగా ఉన్నది మాడియా, మురియా గోండులు, హల్బాలు, ధుర్వాలు, దోర్లాలు. దక్షిణ బస్తర్ అడవుల్లో ఎక్కువగా వినిపించేది గోండీ. అది మన తెలుగు లాగే ద్రావిడ కుటుంబ భాష. ఆ రోజుల్లో ఆ జనానికి అక్షరంతో పని లేదు. అంటే రెండో రాయి కూడా దర్బారు చుట్టూ తిరిగే కొద్దిమందికే. కొండ మీద పోడు చేసుకునే మాడియాకు రెండు రాళ్లూ ఒకటే. మా కరపత్రం అందుకున్న పెద్దాయన ఇక్కడ గుర్తొస్తాడు.

మరి ఓరుగల్లు నుంచి వచ్చిన పరాయి వంశాన్ని ఆ జనం ఎలా ఒప్పుకున్నారు? చాలావరకు దేవత ద్వారా, పండుగ ద్వారా. అన్నమదేవుడు ముందు నడుస్తుంటే దంతేశ్వరి వెనకే వచ్చిందట. వెనక్కి తిరిగి చూడకూడదన్నది షరతు. శంఖినీ, డంకినీ సంగమంలోని ఇసుకలో అమ్మవారి అందెల చప్పుడు ఆగిపోయేసరికి ఆయన తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. ఈ కథ చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఇది నోటి నుంచి నోటికి నడుస్తుంది. కథ ప్రకారం రాజు పరాయివాడు కాడు, అమ్మవారిని వెంటబెట్టుకొచ్చినవాడు.

బస్తర్ దసరా ఇంకా లోతైనది. జగదల్‌పూర్‌లో 75 రోజులు జరిగే ఆ దసరాలో రావణ దహనం లేదు. అంతా దంతేశ్వరి చుట్టూనే తిరుగుతుంది. రథం చెక్కడం ఫలానా ఊళ్ల వంతు, లాగడం ఫలానా ఊళ్ల వంతు. దంతెవాడ నుంచి మావలి మాత పల్లకి వస్తుంది. మొదలుపెట్టే ముందు రాజు కాఛిన్ దేవి దగ్గరకు వెళ్లి అనుమతి అడగాలి. మిర్గాన్ సముదాయానికి చెందిన ఒక చిన్న పిల్ల ముళ్ల ఊయల మీద పడుకుని, దేవి ఆవహించినట్టుగా ఆ అనుమతి ఇస్తుంది. రాజ్యం మొత్తాన్ని ఏలే రాజు, సమాజంలో కింది మెట్టు మీద ఉన్న కులపు ఆడపిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఇది ప్రచారమా? అవును, రాజ్యానికి ప్రచారమే. కానీ ఈ ప్రచారంలో జనం ప్రేక్షకులుగా లేరు, ఆటలోనే ఉన్నారు. అంతకన్నా ముఖ్యం, "వద్దు" అనే అవకాశం కనీసం ఆచారంలోనైనా ఉంది. 1876లో మురియాల తిరుగుబాటు తర్వాత ఈ దసరా చివర మురియా దర్బార్ కూడా చేరింది. అక్కడ గ్రామ పెద్దలు తమ కష్టాలు రాజుకు, అధికారులకు చెప్పుకోవచ్చు. వినేవాడు తిరిగి మాట్లాడే చోటు అది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

3. 1910: కాగితం లేని కబురు

తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీలో అడవుల పాఠం చదివినవాళ్లకు ఈ దృశ్యం గుర్తుంటుంది. 1910లో బస్తర్ ఊళ్ల మధ్య మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు తిరగడం మొదలైంది. బ్రిటిషు వాళ్ల మీద తిరగబడదాం రమ్మని పిలుపు అది. దీన్నే భూమ్‌కాల్ అంటారు.

నేపథ్యం క్లుప్తంగా చూద్దాం. 1905లో వలస ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని, పోడు, వేట, అటవీ ఉత్పత్తుల సేకరణ ఆపాలని ప్రతిపాదించింది. కొన్ని ఊళ్లను అటవీ శాఖకు ఉచితంగా పనిచేయాలన్న షరతు మీద అడవిలో ఉండనిచ్చారు. మిగతా ఊళ్లను ఖాళీ చేయించారు. పెరిగిన భూమి శిస్తు, వెట్టి చాకిరీ చాలాకాలంగా ఉన్నవే. 1899-1900లో, మళ్లీ 1907-08లో కరవులు వచ్చాయి. కాంగేర్ అడవిలోని ధుర్వాలు మొదట కదిలారు, ఎందుకంటే రిజర్వేషన్ దెబ్బ మొదట తగిలింది వాళ్లకే. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు అందరి నోటా నిలిచింది.

ఇప్పుడు ఆ కబురును ఒక ప్రచారకర్త కళ్లతో చూద్దాం. రాబర్ట్ చాల్డీని 1984లో రాసిన పుస్తకంలో మనుషులు ఎందుకు ఒప్పుకుంటారో ఆరు సూత్రాలు చెప్పాడు. మార్కెటింగ్ కోర్సుల్లో ఇప్పటికీ అవే పాఠం. వాటిలో మూడు ఆ మామిడి కొమ్మలో ఉన్నాయి.

మొదటిది, నలుగురూ చేస్తున్నారు అనే భరోసా. ఆ కొమ్మ మీ ఊరికి వచ్చిందంటే పక్క ఊరి నుంచి వచ్చింది. అంటే పక్క ఊరు ఇప్పటికే చేరింది. "అందరూ వస్తున్నారు" అని విడిగా చెప్పక్కర్లేదు. కొమ్మ వచ్చిన దారే ఆ మాట చెబుతుంది.

రెండోది, మాటకు కట్టుబడటం. తిరుగుబాటు ఖర్చుకు ప్రతి ఊరూ ఏదో ఒకటి ఇచ్చింది. ఇచ్చినవాడు వెనక్కి తగ్గడు. ఈరోజు ఒక రూపాయి చందాతో సభ్యత్వ నమోదు చేసే సంస్థలన్నీ ఈ సూత్రాన్నే వాడుకుంటాయి.

మూడోది, తెచ్చినవాడి మీద నమ్మకం. ఆ కబురు తెచ్చింది టోపీ పెట్టుకున్న బంట్రోతు కాదు, పొరుగూరి మనిషి. అతని అత్తారిల్లు మీ ఊళ్లోనే ఉండొచ్చు.

ఇక ఆ వస్తువులు. తమ ఊరికి భూమిని భూదేవే ఇచ్చిందని, బదులుగా ఆమెకు పండుగల్లో మొక్కులు చెల్లించాలని బస్తర్ జనం నమ్మకం. అలాంటి చోట మట్టి ముద్ద చేతిలో పెడితే దాని అర్థానికి నిఘంటువు అక్కర్లేదు. మిరపకాయ మంట, బాణం పదును కూడా అంతే. చదువు లేకపోవడం ఇక్కడ లోటు కాలేదు. పైగా కాగితం దొరికితే పోలీసు చదువుతాడు, మిరపకాయ దొరికితే కూరలో వేసుకుంటాడు.

మన మన్యంలోనూ ఇదే భాష వినిపించింది. అల్లూరి సీతారామరాజు పేరు చెప్పగానే "మిరపకాయ టపా" అనే మాట వస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు జరిగాయి. ముందే కబురు పంపి మరీ వచ్చేవాడని జనం నేటికీ చెప్పుకుంటారు. ఆ టపా ఇద్దరికి ఒకేసారి చేరేది. ఠాణాలో ఉన్నవాడికి భయంగా, గూడెంలో ఉన్నవాడికి ధైర్యంగా. ఒకే సందేశం వినేవాడిని బట్టి రెండు అర్థాలిస్తుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1910లో ఏం జరిగిందో ఫలితం కూడా చూడండి. సంతలు, అధికారుల ఇళ్లు, వ్యాపారుల ఇళ్లు, ఠాణాలు, బడులు దాడులకు గురయ్యాయి. ధాన్యం పంచేశారు. ఫిబ్రవరి నుంచి మే వరకు, మూడు నెలలు పట్టింది బ్రిటిషు వాళ్లకు అదుపులోకి తెచ్చుకోవడానికి. కొరడా దెబ్బలు, శిక్షలు, ఖాళీ అయిన ఊళ్లు. గుండాధుర్ మాత్రం వాళ్లకు ఎప్పటికీ చిక్కలేదు. రిజర్వేషన్ పని కొంతకాలం ఆగింది. చివరికి రిజర్వు చేసే విస్తీర్ణాన్ని ముందు అనుకున్నదాంట్లో దాదాపు సగానికి తగ్గించారు.

బడులు ఎందుకు తగలబెట్టారు అని మీకు సందేహం రావచ్చు. చదువు మంచిదే కదా! పన్ను, వెట్టి, రిజర్వు హద్దులు తెచ్చిన చేతులే బడిని కూడా తెచ్చాయి. తెచ్చిన చెయ్యి మీద నమ్మకం లేనప్పుడు తెచ్చిన వస్తువు ఎంత మంచిదైనా అనుమానమే. హోవ్లాండ్ మొదటి ప్రశ్న గుర్తుందా? ఎవరు చెబుతున్నారు.

4. పేరు పెట్టడంలో ఉన్న బలం, ప్రమాదం

ఇక మన కాలానికి వద్దాం. ఇక్కడ నుంచి కొంచెం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇది మనుషుల ప్రాణాలతో ముడిపడిన విషయం.

1980లో పీపుల్స్ వార్ ఏర్పడ్డాక, అదే ఏడాది తెలుగు దళాలు గోదావరి దాటి బస్తర్‌లోకి వెళ్లాయి. వెళ్లినవాళ్లు గోండీ నేర్చుకున్నారు. మొదట తునికాకు కూలి రేటు గురించి మాట్లాడారు, ఎందుకంటే అక్కడి ఇంటింటికీ తెలిసిన బాధ అది. పాటలు, ఆటలు గోండీలో కట్టారు. వినేవాడిని అధ్యయనం చేయడంలో రాజ్యం కన్నా వాళ్లు ముందున్నారన్నది ఒప్పుకోవాలి. కానీ తుపాకీ పట్టుకుని చెప్పే మాటకు "వద్దు" అనే జవాబు ఉండదు. ఇన్‌ఫార్మర్ అనే ముద్ర పడితే ఏమవుతుందో ఆ ఊళ్లకు తెలుసు.

2005లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. పేరు గోండీ. జుడుం అంటే నలుగురూ కలిసి చేసే వేట. సల్వా అంటే శుద్ధి, శాంతపరచడం. అధికారికంగా "శాంతి ఉద్యమం" అన్నారు. గోండీ తెలిసినవాళ్లకు అందులో వేట అనే మాట కూడా వినిపిస్తుంది. సామూహిక వేట అక్కడి జనానికి బాగా అలవాటైన, గౌరవం ఉన్న ఆచారం. ఆ మాటను తీసుకుని దాని ముందు శుద్ధి అని చేర్చారు. పేరుగా చూస్తే చాలా బలమైన పేరు. ఫలితంగా చూస్తే, వందలాది ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు, కొందరు అడవిలోకి, ఎంతోమంది సరిహద్దు దాటి మన ఖమ్మం, భద్రాచలం అడవుల్లోకి వచ్చారు. నేను కరపత్రం ఇచ్చిన పెద్దాయన గూడెం అలా పుట్టిందే.

2011 జులై 5న నందినీ సుందర్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. సరైన శిక్షణ, చదువు లేని గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి మావోయిస్టుల మీదకు పంపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని చెప్పింది. జీఎస్-2లోనూ, జీఎస్-3లోనూ ఈ కేసు వాడుకోవచ్చు.

2020 జూన్‌లో దంతెవాడ పోలీసులు "లోన్ వర్రాటు" అనే కార్యక్రమం మొదలుపెట్టారు. గోండీలో దాని అర్థం "ఇంటికి తిరిగి రండి". దళాల్లో ఉన్నవాళ్ల సొంత ఊళ్లలో, వాళ్ల పేర్లతో పోస్టర్లు పెట్టి పిలిచారు. "లొంగిపో" అనే మాటకూ "ఇంటికి రా" అనే మాటకూ ఎంత తేడా ఉందో చూడండి. మొదటిది ఓటమి గుర్తుచేస్తుంది. రెండోది అమ్మను గుర్తుచేస్తుంది. పైగా ఆ పిలుపు ఒక్కడికే చేరదు. ఆ పోస్టర్ చూసిన తల్లి, అన్న, చిన్ననాటి స్నేహితుడు కూడా ఆ సందేశాన్ని మోస్తారు. మార్కెటింగ్ లెక్కలో ఇది బాగా ఆలోచించిన పని. అయితే ఊరి గోడ మీద పేరు పడటం ఆ ఇంటిని ఇటు పోలీసుల ముందూ, అటు దళాల ముందూ నిలబెడుతుంది. అందుకే ఇలాంటి కార్యక్రమాన్ని ఎంతమంది వచ్చారన్న లెక్కతోనే తూచకూడదు. వచ్చినవాడికి నిజంగా ఇల్లు, భూమి, పని, భద్రత దొరికాయా అన్నది కూడా చూడాలి. ఇంటికి రమ్మని పిలిచినవాడు ఇల్లు చూపించాలి కదా.

5. వినేవాడు బయటివాడైతే

అన్నిసార్లూ వినేవాడు అడవిలోనే ఉండడు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. ఆ తర్వాత దేశంలో దంతెవాడ అనే పేరు వినగానే ఒక్క చిత్రమే కళ్ల ముందుకొచ్చేది. 2021 జనవరిలో ఆ జిల్లాలో "డానెక్స్" పేరుతో బట్టలు కుట్టే కేంద్రం మొదలైంది. "దంతెవాడ నెక్స్ట్" అన్నదానికి అది పొట్టి పేరు. కుట్టేది అక్కడి మహిళలు.

ఇక్కడ ప్రచారం చేసేవాళ్లకు రెండు దారులున్నాయి. దంతెవాడ పేరు దాచేసి చొక్కా అమ్మడం ఒకటి. పేరును లేబుల్ మీదే కుట్టి అమ్మడం రెండోది. వాళ్లు రెండోది ఎంచుకున్నారు. కొనేవాడి మనసులో ఉన్న భయాన్ని కాదనకుండా, దాని పక్కనే కొత్త చిత్రం పెట్టారు. ఒక పేరు చుట్టూ ఉన్న భావాన్ని వాదనతో మార్చడం కష్టం, చేతికి తగిలే వస్తువుతో కొంత తేలిక.

6. తెలుసుకోవడం వేరు, గౌరవించడం వేరు

ఇప్పుడు అన్నీ ఒక చోట పెట్టి చూద్దాం. 1703 రాయి, దసరా, మామిడి కొమ్మ, గోండీ పాట, సల్వా జుడుం, లోన్ వర్రాటు. ఒకరు ఎక్కువగా, ఒకరు తక్కువగా, అందరూ వినేవాడి మనసు చదివినవాళ్లే. అందరి ఫలితాలూ మంచివి కావు. కాబట్టి "వినేవాడిని అర్థం చేసుకో" అన్న సలహా ఒక్కటే సరిపోదు. వేటగాడు కూడా జింకను బాగా అర్థం చేసుకుంటాడు.

తేడా ఎక్కడ ఉందో వెతికితే నాకు ఒక్క ప్రశ్న మిగిలింది: విన్నవాడు "వద్దు" అంటే ఏమవుతుంది? కాఛిన్ దేవి ముందు రాజు నిలబడటంలో, మురియా దర్బార్‌లో ఆ "వద్దు"కు కొంత చోటుంది. 1905 రిజర్వేషన్ ప్రతిపాదనలో ఆ చోటు లేదు, అందుకే ఆ జవాబు 1910లో మిరపకాయ రూపంలో వచ్చింది. సల్వా జుడుం వచ్చిన ఊళ్లో "వద్దు" అన్నవాడు శత్రువయ్యాడు. దళం వచ్చిన ఊళ్లోనూ అంతే. జవాబుకు చోటు ఉన్న ప్రచారం ఒప్పించడం అవుతుంది. చోటు లేనిది ఎంత అందమైన పేరు పెట్టుకున్నా ఒత్తిడే.

రేపు మనలో ఎవరో ఒకరు ఏదో ఒక ఏజెన్సీ సబ్ డివిజన్‌లో కూర్చుంటారు. టీకా, బడి, గని, రోడ్డు, పునరావాసం, ఏదో ఒకటి జనానికి చెప్పాల్సి వస్తుంది. గ్రామసభ పెడతారు. అప్పుడు మన దగ్గర మంచి నినాదం, మంచి పోస్టర్, స్థానిక భాషలో ఆడియో అన్నీ ఉండొచ్చు. గ్రామసభ "వద్దు" అని తీర్మానిస్తే ఆ కాగితం ఫైల్లో ఉంటుందా, మాయమవుతుందా అన్నదే అసలు పరీక్ష. పెసా చట్టం 1996, అటవీ హక్కుల చట్టం 2006 చదివేటప్పుడు సెక్షన్లతో పాటు ఈ ప్రశ్న కూడా పక్కన రాసుకోండి.

పరీక్ష కోసం క్లుప్తంగా

– దంతెవాడ శాసనం: దిక్పాలదేవుడు, విక్రమ సంవత్సరం 1760, రచన భగవాన్ మిశ్రా, సంస్కృతం ఒక రాయి, జనభాష ఒక రాయి.
– భూమ్‌కాల్: 1910, ధుర్వాలు, కాంగేర్ అడవి, గుండాధుర్, నేతానార్. ఫలితం: రిజర్వు విస్తీర్ణం సుమారు సగానికి తగ్గింపు.
– హోవ్లాండ్: చెప్పేవాడు, సందేశం, వినేవాడు. చాల్డీని: ఆరు సూత్రాలు. సమాధానంలో సిద్ధాంతం ఒక్క వాక్యం చాలు, ఉదాహరణకు మూడు వాక్యాలు ఇవ్వండి.
– నందినీ సుందర్ కేసు: 2011 జులై 5, అధికరణలు 14, 21.

సాధన ప్రశ్న: "ప్రభావవంతమైన ప్రచారం ప్రతిసారీ నైతికమైన ప్రచారం కాదు. గిరిజన ప్రాంతాల చరిత్ర నుంచి ఉదాహరణలతో చర్చించండి." (150 పదాలు, 10 మార్కులు). ఈ వ్యాసం మూసేసి, టైమర్ పెట్టుకుని రాయండి.

చివరగా ఆ గూడెం సంగతి. ఆ సాయంత్రం ఆ ఊరి ఆశా వర్కర్ వచ్చింది. ఆమెది అదే గూడెం. కరపత్రాలు అన్నీ పక్కన పెట్టించి, ఒక దోమతెర విప్పి చెట్టుకు కట్టి, తన బిడ్డను అందులో పడుకోబెట్టి కోయలో ఏదో చెప్పింది. అందరూ నవ్వారు. ఆడవాళ్లు ప్రశ్నలు అడిగారు. ఒకామె గట్టిగా వాదించింది కూడా. ఏమంటోందని అడిగితే, లోపల ఉక్కపోస్తుంది, నేను కట్టను అంటోందని చెప్పింది. ఆశా వర్కర్ కోప్పడలేదు. తెర అంచును కాస్త పైకి ఎలా కట్టుకుంటే గాలి తగులుతుందో చూపించింది. ఆమె మళ్లీ ఏదో అంది, ఈమె మళ్లీ ఏదో చెప్పింది.

పెద్దాయన నడుముకు చెక్కుకున్న కరపత్రం తీసి నాకు తిరిగి ఇచ్చేశాడు. ఖాళీ చేయక్కర్లేదని అర్థమైనట్టుంది. అది ఇప్పటికీ నా జీఎస్-4 నోట్సులో ఉంది.

ఆల్ ది బెస్ట్. వచ్చే వ్యాసంలో కలుద్దాం.